పై4లో టీసీ358743 హెచ్‌డీఎంఐ క్యాప్చర్: వీడియో0 ఉంది, బొమ్మ మాత్రం రావట్లేదు

మండపం_లైవ్
కల్యాణ మండపాల్లో లైవ్ ఇవ్వడానికి చిన్న పెట్టె కడుతున్నా. రాస్ప్‌బెరీ పై 4, 4 జీబీ. తోషిబా టీసీ358743 చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ టు సీఎస్ఐ (కెమెరా పోర్టు) బోర్డు, 15 పిన్నుల రిబ్బన్‌తో కెమెరా పోర్టుకి పెట్టా. వీడియో మిక్సర్ ప్రోగ్రామ్ అవుట్ నుంచి హెచ్‌డీఎంఐ వస్తుంది. 64 బిట్ పై ఓఎస్ లైట్. కాన్ఫిగ్ ఫైల్లో టీసీ358743 ఓవర్‌లే (డ్రైవర్‌ని లేపే లైను) వేశా, కెమెరా ఆటో డిటెక్ట్ తీసేశా.

బూట్ అయ్యాక వీడియో0 (క్యాప్చర్ డివైస్) కనిపిస్తోంది. కానీ వీడియో పైప్‌లైన్ కట్టే జీస్ట్రీమర్‌లో 1920x1080 అడిగితే "నాట్ నెగోషియేటెడ్" అని ఆగిపోతోంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో నల్ల తెర. అదే కేబుల్ టీవీకి పెడితే బొమ్మ శుభ్రంగా ఉంది. నెట్‌లో ఎక్కడ వెతికినా యూఎస్‌బీ వెబ్‌క్యామ్ గురించే రాశారు. దీనికి ఏది ముందు ఏది వెనక, వరుస చెప్పండి.

డీటీఎస్_దొర
ఈడీఐడీ ఎక్కించారా?

మండపం_లైవ్
అది డ్రైవర్ చూసుకోదా?

డీటీఎస్_దొర
చూసుకోదు, అక్కడే అందరూ ఆగిపోతారు. టీవీ లోపల ఈడీఐడీ ముందే రాసి ఉంటుంది. "నేను ఈ ఈ సైజులు చూపించగలను" అని అది మిక్సర్‌కి చెబుతుంది. మీ బోర్డులో ఆ చోటు ఖాళీ. ఖాళీగా ఉన్నంతసేపు డ్రైవర్ హాట్‌ప్లగ్ లైను లేపదు. అవతలివాడికి ఇక్కడ ఎవరూ లేనట్టే, అందుకే చాలా మిక్సర్లు సిగ్నలే పంపవు.

వరుస ఇది. అన్నీ వీ4ఎల్2-సీటీఎల్ అనే లైనక్స్ వీడియో కమాండ్‌తోనే.

ముందు సెట్-ఈడీఐడీ. మొదటి పరీక్షకి టైప్=హెచ్‌డీఎంఐ అని ఇస్తే చాలు, అందులోనే ఒక రెడీమేడ్ ఈడీఐడీ ఉంది. రెండు మూడు సెకన్లు ఆగి క్వెరీ-డీవీ-టైమింగ్స్ కొట్టండి, ఏం వస్తోందో చెబుతుంది. తర్వాత సెట్-డీవీ-బీటీ-టైమింగ్స్‌కి క్వెరీ అని ఇవ్వండి, చూసినదాన్నే ఖాయం చేస్తుంది. ఈ అడుగు వదిలేస్తే డ్రైవర్ తన మొదటి సెట్టింగులోనే, అంటే 640x480లోనే, కూర్చుంటుంది. మీరు 1080 అడగడం, అది నెగోషియేట్ చేయననడం అందుకే. ఆ తర్వాత పిక్సెల్ ఫార్మాట్ యూవైవీవై (రంగు వివరం తగ్గించి తక్కువ బిట్లలో పంపేది) పెట్టండి. చివరగా స్ట్రీమ్-ఎమ్‌మ్యాప్‌తో 100 ఫ్రేములు డెవ్ నల్‌లోకి (రాసింది పారేసే చోటు) పంపి చూడండి. ఈ పరీక్ష దాటేదాకా జీస్ట్రీమర్ జోలికి వెళ్ళొద్దు.

వెబ్‌క్యామ్‌లో సైజు మన చేతిలో ఉంటుంది. ఇక్కడ సైజు అవతలివాడి చేతిలో ఉంటుంది, మనం చూసి ఒప్పుకోవాలి. తేడా అంతే.

రిబ్బన్_రాజు
దొర గారు చెప్పినవాటికి ముందు ఇంకోటి. ఐ2సీ (చిప్‌తో మాట్లాడే కంట్రోల్ తీగలు) బస్ 10 మీద ఐ2సీ డిటెక్ట్ కొట్టండి. 0ఎఫ్ అడ్రస్ దగ్గర యూయూ అని ఉంటే డ్రైవర్ చిప్‌ని పట్టుకుంది. ఉత్త 0ఎఫ్ ఉంటే చిప్ బతికే ఉంది, డ్రైవర్ పట్టుకోలేదు. గీతలే ఉంటే రిబ్బన్ తిరగేసి పెట్టారు, లేదా సరిగ్గా దిగలేదు. పోర్టు మూత రెండు పక్కలా సమానంగా నొక్కాలి, ఒక పక్కే దిగితే ఐ2సీ పనిచేసి డేటా లేన్ (బొమ్మ వచ్చే తీగల జత) పోతుంది. అప్పుడు అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, ఫ్రేములే రావు.

మండపం_లైవ్
యూయూ ఉంది. ఈడీఐడీ ఎక్కించా. క్వెరీ కొడితే "న్యూమరికల్ రిజల్ట్ అవుట్ ఆఫ్ రేంజ్" అంటోంది.

కెర్నల్_కాకా
మంచిదే, అంటే సిగ్నల్ వస్తోంది. ఈ చోట వచ్చే మూడు ఎర్రర్లకి మూడు వేరే అర్థాలు.

"లింక్ హ్యాజ్ బీన్ సెవర్డ్" అంటే అసలు సిగ్నలే లేదు. కేబుల్, 5 వోల్టులు, ఈడీఐడీ చూడాలి.

"నో లాక్స్ అవైలబుల్" అంటే సిగ్నల్ ఉంది కానీ సింక్ నిలబడట్లేదు. పొడుగు కేబుల్, వదులు కనెక్టర్, లేదా తొందరపడి ఈడీఐడీ ఎక్కించిన వెంటనే అడిగారు.

మీకు వచ్చిన మూడోది: సిగ్నల్ చదివా, కానీ నా పరిధిలో లేదు. ఈ డ్రైవర్ పరిధి 1920x1200 వరకు, పిక్సెల్ క్లాక్ 165 మెగాహెర్ట్జ్ వరకు, అదీ ప్రోగ్రెసివ్ (ఫ్రేమంతా ఒకేసారి వచ్చేది) మాత్రమే. మీ మిక్సర్ 1080ఐ (సగం సగం లైన్లుగా వచ్చే ఇంటర్లేస్డ్) ఇస్తోందని నా అనుమానం. ఎల్‌ఈడీ గోడలకి, పాత స్విచర్లకి 1080ఐ50 పెట్టి వదిలేస్తుంటారు. మెనూలో చూడండి.

మండపం_లైవ్
కాకా గారూ సరిగ్గా అదే, 1080ఐ50 ఉంది. ఆటో అని మార్చా. ఇప్పుడు క్వెరీలో 1920x1080, 148.5 మెగాహెర్ట్జ్, 60 ఫ్రేములు వస్తున్నాయి. టైమింగ్స్ సెట్ చేశా. స్ట్రీమ్ పెడితే మాత్రం ఒక్క ఫ్రేమూ రాదు, కంట్రోల్ సీ కొట్టాల్సిందే.

లేన్_లెక్క
లాగ్-స్టేటస్ కొట్టి "లేన్స్ నీడెడ్", "లేన్స్ ఇన్ యూజ్" పక్కన ఏమున్నాయో చెప్పండి.

మండపం_లైవ్
నీడెడ్ 3, ఇన్ యూజ్ 2.

లేన్_లెక్క
అదీ సంగతి. పై 4 బోర్డు మీద కెమెరా పోర్టుకి రెండు డేటా లేన్లే దింపారు. ఈ డ్రైవర్‌తో ఒక్కో లేన్ మీద 972 మెగాబిట్లు. రెండూ కలిపి సెకనుకి 194.4 కోట్ల బిట్లు.

యూవైవీవైకి పిక్సెల్‌కి 16 బిట్లు, ఆర్‌జీబీకి 24. బొమ్మలో 20,73,600 పిక్సెళ్ళు. ఇక గుణించండి:

1080పీ60 ఆర్‌జీబీ: 298.6 కోట్లు
1080పీ60 యూవైవీవై: 199.1 కోట్లు
1080పీ50 ఆర్‌జీబీ: 248.8 కోట్లు
1080పీ50 యూవైవీవై: 165.9 కోట్లు
1080పీ30 ఆర్‌జీబీ: 149.3 కోట్లు

60 దగ్గర యూవైవీవై కూడా నాలుగైదు కోట్ల బిట్ల తేడాతో తప్పిపోతుంది. వేలెడు దూరం, కానీ పట్టదు. 50కి రండి, యూవైవీవైలో హాయిగా సరిపోతుంది. ఇంకో మాట, డ్రైవర్ మొదట్లో ఆర్‌జీబీలో లేస్తుంది. ఫార్మాట్ మార్చడం మర్చిపోతే 50లో కూడా మళ్ళీ "నీడెడ్ 3" చూస్తారు.

కలర్_కామేష్
యూవైవీవై అంటే రంగు సగం పోతుంది కదా? ఎర్ర పట్టుచీర మీద జరీ అంచు, స్క్రీన్ మీద చిన్న అక్షరాలు చెదిరిపోతాయి. నేనైతే 1080పీ30 ఆర్‌జీబీ పెడతా.

లేన్_లెక్క
క్యాప్చర్ చేసి అలాగే చూసేటట్టయితే మీ మాట నిజం. ఆయన లైవ్ కోసం హెచ్264 (వీడియో కుదింపు) చేసి పంపుతున్నారు. ఎన్‌కోడర్ లోపల అది 4:2:0 అవుతుంది. అంటే రంగు అడ్డంగా సగం, నిలువుగా సగం. యూవైవీవైలో అడ్డంగా మాత్రమే సగం పోయింది. దారిలో ఆర్‌జీబీ మోసుకొచ్చినా చివర్లో మిగిలే రంగు అంతే, మెమరీ బ్యాండ్‌విడ్త్ మాత్రం ఒకటిన్నర రెట్లు తింటుంది.

కలర్_కామేష్
ఎన్‌కోడ్ దాకా ఆలోచించలేదు. సరే, యూవైవీవైనే.

మండపం_లైవ్
మిక్సర్‌లో 1080పీ50 చేత్తో పెడితే బొమ్మ వచ్చింది!! 100 ఫ్రేములు దాటింది. కానీ మిక్సర్ ఆపి పెడితే మళ్ళీ ఆటోకి వెళ్ళి 60 ఎంచుకుంటోంది. మండపానికి వెళ్ళిన ప్రతిసారీ మెనూ తిప్పడం కుదరదు. 50 మాత్రమే తీసుకోమని మన వైపు నుంచి చెప్పే దారి ఉందా?

హెక్స్_హరి
ఉంది, ఈడీఐడీనే మార్చాలి. రెడీమేడ్‌ది 1080పీ60 కూడా ఒప్పుకుంటుంది, మిక్సర్ దాన్నే పట్టుకుంటోంది. ఇప్పుడున్న ఈడీఐడీని గెట్-ఈడీఐడీతో ఫైల్లోకి దించుకోండి. ఒక్కో బ్లాకు 128 బైట్లు, రెండు బ్లాకులుంటాయి.

మొదటి బ్లాకులో 54వ బైటు నుంచి "నాకు బాగా ఇష్టమైన సైజు" ఉంటుంది. లెక్క సున్నా నుంచి. 1080పీ60 అయితే ఇలా:

02 3ఏ 80 18 71 38 2డీ 40 58 2సీ 45 00

దీన్ని 1080పీ50 చేస్తే:

02 3ఏ 80 డీ0 72 38 2డీ 40 10 2సీ 45 80

మొదటి రెండు బైట్లు మారలేదు చూడండి. 02 3ఏ తిరగేస్తే 3ఏ02, అంటే 14850, అదే 148.5 మెగాహెర్ట్జ్. 50కీ 60కీ క్లాక్ ఒక్కటే. లైను పొడుగు మాత్రం మారుతుంది: 60లో ఒక లైనుకి మొత్తం 2200 పిక్సెళ్ళు, 50లో 2640. బొమ్మ 1920 పోగా మిగిలే ఖాళీ 280 నుంచి 720కి పెరిగింది, 57, 58 బైట్లలో మార్పు అదే. 62, 65 బైట్లలో ఫ్రంట్ పోర్చ్ 88 నుంచి 528 అయింది.

నాలుగు బైట్ల మార్పుతో మొత్తం 241 పెరిగింది. బ్లాకులో 128 బైట్లూ కూడితే 256తో నిశ్శేషంగా పోవాలి. కాబట్టి చివరి బైటు చెక్‌సమ్‌కి 15 కలపండి, 255 దాటితే 256 తీసేయండి. ఇది మర్చిపోతే కొన్ని మిక్సర్లు ఈడీఐడీ మొత్తాన్నీ పారేసి 640x480కి దిగిపోతాయి.

పని ఇంకా అయిపోలేదు. రెండో బ్లాకులో వీడియో కోడ్‌ల జాబితా ఉంటుంది. 16 అంటే 1080పీ60, 31 అంటే 1080పీ50, 5, 20 అంటే 1080ఐ. జాబితాలో 16, 5, 20 ఉన్నచోట 31 రాసేయండి. తీసేస్తే బ్లాకు పొడుగులన్నీ మళ్ళీ లెక్కపెట్టాలి, పైన రాసేయడమే తేలిక. ఏదైనా కోడ్‌కి 128 కలిపి ఉంటే అది "నేటివ్" అని గుర్తు, ఉదాహరణకి 144 అంటే 16. దాన్నీ మార్చండి. 60 ఫ్రేముల టైమింగ్ ఇంకోటి కింద రాసి ఉందేమో కూడా చూసుకోండి. ఈ బ్లాకు చెక్‌సమ్ వేరేగా సరిచేయాలి.

డీటీఎస్_దొర
హరి చేత్తో లెక్క కట్టి చూపించాడు, బాగుంది. ఎక్కించే ముందు ఈడీఐడీ-డీకోడ్‌కి చెక్ అని ఇచ్చి చూడండి, చెక్‌సమ్ తప్పితే ఎంత ఉండాలో కూడా చెబుతుంది.

రెండో బ్లాకులో 03 0సీ 00 అనే మూడు బైట్లు వరుసగా ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు. "నేను డీవీఐ కాదు, హెచ్‌డీఎంఐ" అని చెప్పేవి అవే. పోతే మిక్సర్ బొమ్మ పంపుతుంది, శబ్దం పంపదు.

మండపం_లైవ్
హరి గారు చెప్పినట్టే చేశా. ఒకసారి చెక్‌సమ్ తప్పింది, ఈడీఐడీ-డీకోడ్ పట్టుకుంది. ఇప్పుడు మిక్సర్ ఆటోలో కూడా 50 ఇస్తోంది.

తర్వాతి తలనొప్పి: ఎన్‌కోడ్. జీస్ట్రీమర్ పైప్‌లైన్ ఇది: వీ4ఎల్2ఎస్ఆర్‌సీ (క్యాప్చర్), తర్వాత వీడియోకన్వర్ట్, క్యూ, వీ4ఎల్2హెచ్264ఎన్‌క్ (ఎన్‌కోడర్), హెచ్264పార్స్, ఎఫ్ఎల్‌వీమక్స్ (బొమ్మ, శబ్దం కలిపేది), ఆర్‌టీఎంపీసింక్ (లైవ్ సర్వర్‌కి పంపేది). మొదట్లో ఎన్‌కోడర్ స్టార్టే కాలేదు. వీడియోస్కేల్ పెట్టి 720కి దించితే స్టార్ట్ అయింది కానీ ఫ్రేములు ఎగిరిపోతున్నాయి, సీపీయూ ఒక కోర్ నిండిపోయింది.

పైప్‌లైన్_పద్మ
అందులో మూడు చోట్ల చిక్కుంది.

ఎన్‌కోడర్ తర్వాత లెవెల్ చెప్పలేదు. 1080కి వీడియో/ఎక్స్-హెచ్264 క్యాప్స్‌లో (ఫార్మాట్ షరతు) లెవెల్ 4 అని, స్ట్రింగ్‌గా, రాయాల్సిందే. రాయకపోతే తక్కువ లెవెల్‌కి ఒప్పుకుని డ్రైవర్ దగ్గర తన్నుకుంటుంది. 720 చేస్తే పనిచేయడానికి కారణం అదే.

పై 4 ఎన్‌కోడర్ సామర్థ్యం 1080పీ30. మీరు 50 తోస్తున్నారు. లెవెల్ 4 కూడా 30 దగ్గరే ఆగుతుంది: 1080లో 8160 మాక్రోబ్లాకులు (16x16 పిక్సెళ్ళ చదరాలు), 30తో గుణిస్తే 2,44,800, లెవెల్ 4 గరిష్ఠం 2,45,760. అంచు మీద ఉంది. 50కి లెవెల్ 4.2 కావాలి. పెళ్ళి లైవ్‌కి 25 చాలు. 50లో సరిగ్గా ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే 25, కదలిక గతుకులు పడదు. వీడియోరేట్ పెట్టి డ్రాప్-ఓన్లీ ట్రూ ఇచ్చి, దాని తర్వాత 25/1 క్యాప్స్ పెట్టండి.

వీడియోకన్వర్ట్ తీసేయండి, సీపీయూ తినేది అదే. ఈ ఎన్‌కోడర్ యూవైవీవైని నేరుగా తీసుకుంటుంది. వీ4ఎల్2ఎస్ఆర్‌సీకి ఐఓ-మోడ్ డీఎంఏబఫ్, ఎన్‌కోడర్‌కి అవుట్‌పుట్-ఐఓ-మోడ్ డీఎంఏబఫ్-ఇంపోర్ట్. అప్పుడు ఫ్రేమ్ మెమరీలో ఒకచోటే ఉండి చేతులు మారుతుంది, కాపీ ఉండదు. సైజు నిజంగా తగ్గించాలంటే వీ4ఎల్2కన్వర్ట్ వాడండి, అది ఐఎస్‌పీ హార్డ్‌వేర్ మీద నడుస్తుంది.

ఎన్‌కోడర్ ఎక్స్‌ట్రా-కంట్రోల్స్: వీడియో_బిట్‌రేట్ 4000000, హెచ్264_ఐ_ఫ్రేమ్_పీరియడ్ 50, రిపీట్_సీక్వెన్స్_హెడర్ 1. 25 ఫ్రేములకి 50 అంటే రెండు సెకన్లకో కీఫ్రేమ్. హెడర్ రిపీట్ లేకపోతే, ఎప్పుడైనా ఆర్‌టీఎస్‌పీలో (ఇంకో స్ట్రీమ్ పద్ధతి) ఇస్తే, మధ్యలో చేరినవాళ్ళకి బొమ్మ మొదలవకపోవచ్చు.

బఫర్_బాబాయి
క్యూ కూడా ఎన్‌కోడర్ ముందు వద్దు. క్యాప్చర్ బఫర్లు లెక్కపెట్టినట్టు కొన్నే ఉంటాయి. వాటిని క్యూలో దాచుకుంటే డ్రైవర్‌కి కొత్త ఫ్రేమ్ రాయడానికి చోటు దొరకదు, ఆ ఫ్రేమ్ పోయినట్టే. క్యూ ఎన్‌కోడర్ తర్వాత పెట్టండి. అక్కడ ఫ్రేమ్ 41 లక్షల బైట్లు కాదు, వేలల్లో ఉంటుంది, ఎన్ని దాచుకున్నా నష్టం లేదు.

పైప్‌లైన్_పద్మ
బాబాయి గారూ, పూర్తిగా వద్దనడం సరికాదు. ముందు క్యూ లేకపోతే క్యాప్చరూ ఎన్‌కోడర్‌కి అందించడమూ ఒకే త్రెడ్‌లో నడుస్తాయి, ఎన్‌కోడర్ ఒక్కసారి తడబడితే క్యాప్చర్ కూడా ఆగుతుంది. మ్యాక్స్-సైజ్-బఫర్స్ 2 పెట్టి చిన్న క్యూ ఉంచమంటా. మామూలుగా ఉండే 200 మాత్రం తప్పే.

బఫర్_బాబాయి
2 అయితే ఒప్పుకుంటా. తర్వాత క్యూ మాత్రం తప్పనిసరి, నెట్ ఆగినప్పుడు ఆర్‌టీఎంపీ వెనక్కి తోస్తుంది.

ఫ్రేములు పోతున్నాయో లేదో కంటితో చెప్పొద్దు. వీ4ఎల్2-సీటీఎల్ స్ట్రీమ్‌కి వెర్బోస్ ఇస్తే ప్రతి ఫ్రేముకీ సీక్వెన్స్ నంబర్ వస్తుంది, మధ్యలో అంకె దాటితే ఫ్రేమ్ పోయింది. బైట్స్‌యూజ్డ్ 4147200 ఉండాలి, 1920x1080x2 అదే. జీస్ట్రీమర్‌లో వీ4ఎల్2ఎస్ఆర్‌సీకి డీబగ్ లెవెల్ 3 పెడితే "లాస్ట్ ఫ్రేమ్స్ డిటెక్టెడ్" అని రాస్తుంది.

మండపం_లైవ్
కన్వర్ట్ తీశా, క్యూలు మార్చా, లెవెల్ ఇచ్చా. ఎన్‌కోడర్ స్టార్ట్ అయింది. కానీ మూడుసార్లు ఆపి పెట్టాక కెర్నల్ లాగ్ డీమెసేజ్‌లో "సీఎంఏ అలాక్ ఫెయిల్డ్, రిక్ సైజ్ 1013 పేజెస్, రెట్ మైనస్ 12" అని వచ్చి ఆగింది. 4 జీబీలో 3 జీబీ ఖాళీగానే ఉంది కదా?

కెర్నల్_కాకా
ఖాళీ 3 జీబీ ఇక్కడ పనికిరాదు. ఈ డ్రైవర్లకి ఒకే ముక్కగా, వరుసగా ఉన్న మెమరీ కావాలి, అది సీఎంఏ అనే వేరే గదిలోంచి వస్తుంది. 1013 పేజీలంటే 4096తో గుణించండి, మీ యూవైవీవై ఫ్రేమ్ ఒక్కటి. మెమ్‌ఇన్ఫోలో సీఎంఏటోటల్, సీఎంఏఫ్రీ చూడండి. వీసీ4-కేఎంఎస్-వీ3డీ ఓవర్‌లే లైను చివర సీఎంఏ-512 పెడితే గది 512 ఎంబీ అవుతుంది. పాత ప్రాసెస్ చావకుండా బఫర్లు పట్టుకుని ఉందేమో కూడా చూడండి, మీరు మూడుసార్లు అన్నారు కాబట్టి అదే మొదటి అనుమానం.

మండపం_లైవ్
నిజమే, వెనక ఇంకో జీస్ట్-లాంచ్ (జీస్ట్రీమర్ నడిపే కమాండ్) బతికే ఉంది. చంపేశా, సీఎంఏ కూడా 512 చేశా.

యూఎస్‌బీ_ఉదయ్
ఒక మాట అడుగుతా, కోపగించుకోకండి. ఇంత తంటా ఎందుకు? ఒక యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ పెడితే ఈడీఐడీ దానిలోనే ఉంటుంది, ఆడియో దానితోనే వస్తుంది, 1080ఐ అయినా చాలా స్టిక్‌లు అదే సర్దుకుంటాయి. యూవీసీ (యూఎస్‌బీ వీడియో) డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది.

లేన్_లెక్క
యూఎస్‌బీ 2 స్టిక్ అయితే 1080పీ30 యూవైవీవైకే 99.5 కోట్ల బిట్లు కావాలి, తీగ సామర్థ్యం 48 కోట్లు. అందుకే అది లోపలే ఎంజేపెగ్ (ఒక్కో ఫ్రేమూ ఒక జేపెగ్) చేసి పంపుతుంది. మనం దాన్ని విప్పి మళ్ళీ హెచ్264 చేయాలి. బొమ్మ రెండుసార్లు నలుగుతుంది, ఆలస్యం పెరుగుతుంది. యూఎస్‌బీ 3 స్టిక్ అయితే మీ మాటకి నేనేం అడ్డు చెప్పను, పై 4 నీలం పోర్టులో బాగానే నడుస్తుంది.

యూఎస్‌బీ_ఉదయ్
ఒకే హబ్ మీద రెండు యూఎస్‌బీ 2 స్టిక్‌లు పెడితే రెండోదానికి "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" వస్తుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. డిస్కు నిండిందనుకుంటారు, నిజానికి బస్ బ్యాండ్‌విడ్త్ అయిపోయింది. యూవీసీవీడియో మాడ్యూల్‌కి క్వర్క్స్ 128 ఇస్తే సర్దుకుంటుంది.

కెర్నల్_కాకా
128 క్వర్క్ కంప్రెస్ చేయని ఫార్మాట్లకే లెక్క మారుస్తుంది ఉదయ్. ఎంజేపెగ్‌లో దానిమీద ఆశ పెట్టుకోవద్దు. సైజు తగ్గించాలి, లేదా రెండో స్టిక్‌ని వేరే కంట్రోలర్ మీదికి మార్చాలి.

మండపం_లైవ్
స్టిక్ కూడా ఆలోచించా, కానీ బోర్డు కొనేశా కాబట్టి దీన్నే పూర్తి చేస్తా. ఆడియో ఎలా? రిబ్బన్‌లో వస్తుందా?

రిబ్బన్_రాజు
రాదు. రిబ్బన్‌లో బొమ్మ, ఐ2సీ మాత్రమే. శబ్దం బోర్డు మీది ఐ2ఎస్ (డిజిటల్ ఆడియో) పిన్నుల్లోంచి వేరే తీగలతో తేవాలి. బిట్ క్లాక్ జీపీఐఓ 18కి, హెడర్‌లో 12వ పిన్ను. ఫ్రేమ్ సింక్ జీపీఐఓ 19కి, 35వ పిన్ను. డేటా జీపీఐఓ 20కి, 38వ పిన్ను. గ్రౌండ్ ఒకటి. తీగలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. తర్వాత టీసీ358743-ఆడియో ఓవర్‌లే వేయండి, ఆల్సాలో (లైనక్స్ ఆడియో) కార్డు కనిపిస్తుంది. ఐ2ఎస్ డాక్ హ్యాట్ ఏదైనా ఉంటే తీసేయాల్సిందే, పిన్నులు ఒకటే.

ఇక్కడ క్లాక్ యజమాని చిప్పే, పై కాదు. మిక్సర్ 44100 పంపుతుంటే మీరు 48000 అని రాసుకున్నా డ్రైవర్ అడ్డుపడదు, సన్నాయి మాత్రం శ్రుతి పెరిగి వినిపిస్తుంది. వీ4ఎల్2-సీటీఎల్ కంట్రోల్స్ జాబితాలో ఆడియో_ప్రెజెంట్, ఆడియో_శాంప్లింగ్_రేట్ ఉంటాయి. చదివి అదే అంకె ఆల్సాఎస్ఆర్‌సీ తర్వాత క్యాప్స్‌లో పెట్టండి.

మండపం_లైవ్
తీగలు కలిపా. రేటు 48000 చూపిస్తోంది, శబ్దం వచ్చింది. ఏఏసీ చేసి అదే మక్స్‌కి కలిపా.

ఇక ఇది పెట్టె కాబట్టి కరెంటు పెట్టగానే దానంతటదే లేవాలి. రీబూట్ అయితే ఈడీఐడీ పోతోంది.

డీటీఎస్_దొర
పోతుంది, ప్రతి బూట్‌కీ ఎక్కించాలి. ఒక చిన్న షెల్ స్క్రిప్ట్, దాన్ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టండి, రీస్టార్ట్ ఆల్వేస్‌తో. లోపల వరుస: వీడియో డివైస్ వచ్చేదాకా ఆగు, ఈడీఐడీ ఎక్కించు, క్వెరీ ఎర్రర్ లేకుండా వచ్చేదాకా సెకనుకోసారి అడుగు, టైమింగ్స్ సెట్ చేయి, యూవైవీవై పెట్టు, జీస్ట్-లాంచ్ మొదలుపెట్టు. "క్వెరీ వచ్చేదాకా" అన్న మెట్టు వదలొద్దు. మిక్సర్ లేవడానికి పై కంటే ఎక్కువసేపు పట్టొచ్చు.

మండపం_లైవ్
లైవ్ మధ్యలో ఎవరైనా మిక్సర్ ఆపి పెడితే? ఇప్పుడు పరీక్షించా, పైప్‌లైన్ చావదు, అలాగని ఫ్రేమూ రాదు. బయటినుంచి టైమింగ్స్ సెట్ చేయబోతే "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ".

కెర్నల్_కాకా
స్ట్రీమ్ నడుస్తుండగా టైమింగ్స్ మార్చనివ్వదు, అది న్యాయమే. బఫర్ల సైజు దానిమీదే కట్టారు. వీ4ఎల్2-సీటీఎల్‌లో వెయిట్-ఫర్-ఈవెంట్ ఉంది, దానికి సోర్స్_ఛేంజ్=0 ఇచ్చి పక్కన నడపండి. సిగ్నల్ మారగానే అది తిరిగొస్తుంది, మీరు పైప్‌లైన్‌ని చంపండి, సర్వీస్ మళ్ళీ మొదటి మెట్టు నుంచి లేస్తుంది. చంపేటప్పుడు సిగ్‌ఇంట్ (కంట్రోల్ సీ లాంటిది) పంపండి, జీస్ట్-లాంచ్‌కి మైనస్ ఈ కూడా పెట్టండి. పక్కన ఎంపీ4లోకి రికార్డు కూడా చేస్తుంటే ఫైలు సరిగ్గా మూసుకుంటుంది. కిల్ మైనస్ 9 కొడితే ఆ ఎంపీ4 తెరుచుకోదు.

లేన్_లెక్క
రికార్డు ఉంటే మత్రోస్కా (ఎంకేవీ) వాడితే ఈ భయం ఉండదు. కరెంటు పోయినా అప్పటిదాకా రాసింది చదవొచ్చు. మండపాల్లో కరెంటు సంగతి తెలిసిందే.

కొత్త_కెర్నల్
అన్నా, ఇదే బోర్డు పై 5 మీద పెట్టా. వీడియో0 ఉంది, కానీ సెట్-ఈడీఐడీ అసలు తీసుకోవట్లేదు. స్ట్రీమ్ ఆన్ చేస్తే "బ్రోకెన్ పైప్".

డీటీఎస్_దొర
పై 5లో దారి వేరు తమ్ముడూ. అక్కడ అంతా మీడియా కంట్రోలర్, అంటే ముక్కల్ని లింకులతో మనమే కలపాలి. ఈడీఐడీ, టైమింగ్స్ వీడియో నోడ్‌కి కాదు, వీ4ఎల్-సబ్‌డెవ్ నోడ్‌కి ఇవ్వాలి. తర్వాత మీడియా-సీటీఎల్‌తో సీఎస్ఐ2లో 4వ ప్యాడ్ (లింకు తగిలించే కొస) నుంచి ఆర్‌పీ1-సీఎఫ్ఈ-సీఎస్ఐ2_సీహెచ్0 దాకా లింకు ఆన్ చేయాలి. చిప్ నుంచి వీడియో నోడ్ దాకా ప్రతి ప్యాడ్ మీదా ఒకే సైజు, ఒకే ఫార్మాట్, ఫీల్డ్ నన్ అని రాయాలి. ఒక్క ప్యాడ్ దగ్గర తేడా ఉన్నా స్ట్రీమ్ ఆన్‌లో నీకొచ్చిన బ్రోకెన్ పైపే వస్తుంది. మీడియా-సీటీఎల్ మైనస్ పీ కొట్టి పై నుంచి కింది దాకా చదువు, ఎక్కడ తెగిందో కనిపిస్తుంది. బూట్ మారితే మీడియా0, మీడియా1 అంకెలు తారుమారు కావొచ్చు, పేరు చూసి పట్టుకో.

లేన్_లెక్క
పై 5 పోర్టుల్లో నాలుగు లేన్లున్నాయి. 22 పిన్నుల నాలుగు లేన్ల బోర్డు పెట్టి ఓవర్‌లేకి 4లేన్ ఇస్తే 1080పీ60 ఆర్‌జీబీ కూడా పడుతుంది, 388 కోట్ల బిట్ల దారి అది. సీఎం4లో (కంప్యూట్ మాడ్యూల్ 4) క్యామ్1 కూడా అంతే. కానీ పై 5లో హార్డ్‌వేర్ హెచ్264 ఎన్‌కోడర్ లేదు, ఎక్స్264తో సీపీయూ మీదే చేయాలి. ఎప్పుడూ లైవ్ ఇచ్చే పెట్టెకి నేను పై 4, సీఎం4లే చెబుతా.

కొత్త_కెర్నల్
సబ్‌డెవ్‌కి ఇస్తే ఈడీఐడీ తీసుకుంది. ప్యాడ్ ఒకటి ఇంకా 640x480లో ఉంది, మార్చాక స్ట్రీమ్ వచ్చింది. థ్యాంక్స్ దొరన్నా.

మండపం_లైవ్
నాది రెండు గంటలు నడిపా, లాస్ట్ ఫ్రేమ్స్ మెసేజ్ ఒక్కటీ లేదు. మిక్సర్ నాలుగుసార్లు ఆపి పెట్టా, ప్రతిసారీ దానంతటదే లేచింది. ఒక్కటే తేడా: పక్కన వెబ్‌క్యామ్ పెట్టి బూట్ చేస్తే అది వీడియో0 అయిపోయి, నా స్క్రిప్ట్ దానికి ఈడీఐడీ ఎక్కించబోయింది.

బఫర్_బాబాయి
స్క్రిప్ట్‌లో వీడియో0 అని రాయొద్దు. డెవ్ కింద వీ4ఎల్, దాని కింద బై-పాత్ చూడండి, యూనిక్యామ్ (పై కెమెరా పోర్టు హార్డ్‌వేర్) అడ్రస్‌తో ఒక పేరుంటుంది. ఆ పేరు బూట్ మారినా మారదు.

మండపం_లైవ్
బై-పాత్‌కి మార్చా. వెబ్‌క్యామ్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి బూట్ చేశా, రెండుసార్లూ సరైనదాన్నే పట్టుకుంది. హరి గారి ఈడీఐడీ ఫైల్ ఎవరికైనా కావాలంటే అడగండి, రెండు చెక్‌సమ్‌లూ సరిచేసి పెట్టుకున్నా.